వయోజన వికాస సిద్ధాంతాల్లో ఎవరిది కరెక్టు? చెరువు గట్టు మీద నాన్నగారి సంగతి

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చదువుతున్నారు, పెద్దయ్యాక మనిషి ఎలా మారతాడో చెప్పిన ఎరిక్‌సన్, లెవిన్సన్, వైలంట్, బాల్టెస్ అనే నలుగురు సైకాలజీవాళ్ళని పోల్చి రాయమన్నారు, ఎవరిది కరెక్టో తేలడం లేదు. ఇది మొదటిది. రెండోది మొహమాటపడి చివర్లో పెట్టారు గానీ అసలుది అదేననిపించింది. భీమవరం దగ్గర మీ ఊళ్ళో నాన్నగారు, 62 ఏళ్ళాయన, పోయినేడాది రొయ్యల చెరువులు మీకు అప్పజెప్పారు. సీడు (రొయ్యపిల్లలు), మేత, కూలీలు, అమ్మకం అన్నీ మీ చేతికే వచ్చాయి. అయినా రాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకుని గట్టు మీదకి వస్తారు, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తి చూస్తారు, మాట్లాడకుండా వెళ్ళిపోతారు. ఇది ఏ దశ కిందకి వస్తుంది అని. మీకు 33, ఇంకా పెళ్ళి కాలేదన్న ముక్క కూడా మధ్యలో ఎక్కడో జారవిడిచారు.

నేను కోనసీమలో ఓ డిగ్రీ కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్ళు సైకాలజీ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు అమలాపురంలో వారానికి మూడు రోజులు కౌన్సెలింగ్‌కి కూర్చుంటున్నాను. పరీక్షకి పనికొచ్చేదీ గట్టు మీద పనికొచ్చేదీ కలిపే చెప్తానండి, విడదీసి చెప్పడం నాకు రాదు.

ముందు ఆ "ఎవరిది కరెక్టు" అన్నదాన్ని పక్కన పెట్టండి. వీళ్ళెవరూ ఒకే ప్రశ్నకి జవాబు చెప్పలేదు. ఈ వయసులో మనిషి లోలోపల తేల్చుకోవలసిన పేచీ ఏమిటి అన్నది ఎరిక్‌సన్ ప్రశ్న. కట్టుకున్న జీవితం ఎన్నేళ్ళకోసారి మరమ్మతుకి వస్తుంది అన్నది లెవిన్సన్‌ది. దెబ్బ తగిలినప్పుడు ఎలా తట్టుకుంటాడు అని వైలంట్ చూశాడు. ఒళ్ళు మాట వినడం తగ్గాక ఉన్నదాంతో ఎలా నెట్టుకొస్తాడు అని బాల్టెస్ చూశాడు. మా పిల్లలు పోల్చమనగానే నాలుగు గడుల పట్టిక గీసి, ఎడమవైపు వయసులు, కుడివైపు దశల పేర్లు రాసేసేవాళ్ళు. బాల్టెస్‌కి అసలు దశలే లేవు, ఆయన గడిలో ఏం రాయాలో తెలీక ఏదో ఒకటి కల్పించి రాసేవాళ్ళు. మీరు ఆ పట్టిక జోలికి పోకండి. ఎవరు ఏం అడిగారు, ఎవరి జీవితాలు చూసి చెప్పారు, ఎక్కడికొచ్చి ఆగిపోయారు, ఈ మూడింటి మీద రాయండి, పేపరు దిద్దేవాడు లేచి కూర్చుంటాడు.

లెవిన్సన్‌ని ముందు తీసుకుంటాను. తేలిగ్గా అర్థమయ్యేదీ ఆయనే, తేలిగ్గా తప్పుదారి పట్టించేదీ ఆయనే. జీవితం కొన్నేళ్ళు స్థిరంగా నడుస్తుంది, తర్వాత కొన్నేళ్ళు ఒక దాటు వస్తుంది అన్నాడు. 17-22 మధ్య ఒక దాటు, 28-33 మధ్య ముప్ఫైల దాటు, 40-45 మధ్య నడివయసు దాటు. ధవళేశ్వరంలో లాకులు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పడవ పై మట్టం నుంచి కింది మట్టానికి ఒక్క ఊపున దిగదు. రెండు తలుపుల మధ్య ఆగుతుంది, నీళ్ళు సమానమయ్యేదాకా కదలదు, చూసేవాడికి ప్రయాణం ఆగిపోయినట్టే ఉంటుంది. దాటు కాలం అంటే అది.

పోలిక బాగానే ఉంది. కానీ ఈ వయసులు ఎక్కణ్ణించి వచ్చాయో చూడండి. 1978లో వచ్చిన ఆయన పుస్తకానికి ఆధారం 40 మంది అమెరికన్ మగవాళ్ళు, 35-45 మధ్య వయసువాళ్ళు: పదిమంది ఫ్యాక్టరీ కార్మికులు, పదిమంది కంపెనీ అధికారులు, పదిమంది జీవశాస్త్రవేత్తలు, పదిమంది నవలా రచయితలు. వీళ్ళలో ఐదింట నాలుగొంతుల మంది నలభైల మొదట్లో గట్టి కల్లోలం అనుభవించారన్నాడు. ఆ ముక్కే పత్రికలు పట్టుకున్నాయి, 'మిడ్‌లైఫ్ క్రైసిస్' ఇంటింటి మాటైపోయింది. నిజానికి ఆ మాట 1965లోనే ఎలియట్ జాక్ అనే ఆయన ఓ వ్యాసంలో వాడాడు. తర్వాత పెద్ద ఎత్తున జరిగిన అమెరికన్ సర్వేల్లో అంతమందిలో అలాంటి సంక్షోభం కనపడలేదు. ఆడవాళ్ళ మీద లెవిన్సన్ చేసిన పని, 45 మందితో, ఆయన పోయాక 1996లో గానీ బయటికి రాలేదు.

ఈ సిద్ధాంతంతో నేనూ ఒకసారి తప్పు చేశాను, దాచుకోను. పాత విద్యార్థి ఒకడు, 42 ఏళ్ళు, కిరాణా హోల్‌సేల్ వ్యాపారం, వచ్చి "దేనిమీదా మనసు నిలవడం లేదు మాస్టారూ" అన్నాడు. నలభై రెండు అనగానే నాకు లెవిన్సన్ పూనాడు. అరగంట సేపు దాటు కాలం గురించి వినిపించాను. శ్రద్ధగా విన్నాడు, టీ తాగాడు, వెళ్ళాడు. ఆరు నెలల తర్వాత ఇంకొకళ్ళ ద్వారా తెలిసింది, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు అతని నెత్తి మీద ఉందని. నేను అడగనేలేదు. వయసు అంకె చూసి జబ్బు పేరు చెప్పే డాక్టరు ఎలాంటివాడో ఆ రోజు నేను అలాంటివాణ్ణి.

ఎరిక్‌సన్ వయసు అంకెల దగ్గర అంత పట్టుదలగా ఉండడు, అందుకే ఇన్నేళ్ళు నిలిచాడు. 1950లో ఎనిమిది దశలు చెప్పాడు. పెద్దవాళ్ళవి చివరి మూడు. సాన్నిహిత్యమా ఒంటరితనమా అన్నది యవ్వనంలో. నడివయసులో వచ్చే 'జెనరేటివిటీ'ని కొన్ని తెలుగు నోట్సుల్లో 'ఉత్పాదకత' అని రాస్తారు, నాకు ఒళ్ళు మండుతుంది, ఎకరానికి ఎన్ని బస్తాలు అన్నట్టు ఉంటుంది. ఆయన ఉద్దేశం తర్వాతి తరాన్ని నిలబెట్టాలన్న తపన. అది లేకపోతే స్తబ్ధత, నిలవనీరు. చివరిది సమగ్రతా, నైరాశ్యమా అన్నది: బతికిన బతుకుని ఇది నాదే అని ఒప్పుకోగలగడం, లేకపోతే మళ్ళీ మొదలుపెట్టడానికి టైము లేదే అని కుమిలిపోవడం. తొంభైల వయసులో ఆయన భార్య జోన్ ఎరిక్‌సన్ తొమ్మిదో దశ చేర్చింది. ఎనభై, తొంభై దాటిన ఒంట్లో పాత పేచీలన్నీ మళ్ళీ లేస్తాయని ఆవిడ చెప్పింది. మంచం మీద ఉన్న మా అమ్మని చూశాక గానీ ఆ మాట నాకు అందలేదు.

అయితే ఎరిక్‌సన్ వరస మన దగ్గర తిరగబడుతుంది. ముందు నేనెవరో తేల్చుకోవాలి, తర్వాత ఇంకొకరికి దగ్గరవ్వాలి, ఆ తర్వాత పిల్లలు, తరం. మా అమ్మమ్మ పదమూడో ఏట పెళ్ళయి, పదహారో ఏట కాపురానికొచ్చి, పద్దెనిమిదికి బిడ్డనెత్తుకుంది. మా తాతయ్యతో నాలుగు మాటలు తీరిగ్గా మాట్లాడింది కోడళ్ళొచ్చాకేనని నవ్వుతూ చెప్పేది. ఆవిడకి తరం ముందొచ్చింది, సాన్నిహిత్యం తర్వాతొచ్చింది, నేనెవరు అన్న ప్రశ్న వచ్చిందో లేదో నాకు తెలీదు. ఆవిడ వికాసం కుంటుపడిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. దశల పేర్లు ఉంచుకుందాం, వరస మాత్రం అప్పు తెచ్చుకున్నది.

ఎరిక్‌సన్‌కి మన దేశంతో సంబంధం లేకపోలేదు. 1962లో అహ్మదాబాద్ వచ్చాడు. అక్కడ 1918లో జరిగిన మిల్లు కార్మికుల సమ్మెని పట్టుకుని 1969లో గాంధీ మీద పుస్తకం రాశాడు, దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ సమ్మె నాటికి గాంధీకి 48. నడివయసు మనిషి తన తపనని ఒక జాతి మీదకి ఎలా మళ్ళించాడు అన్నదే విషయం. పుస్తకం మధ్యలో ఆగి, గాంధీని ఉద్దేశించి నేరుగా ఉత్తరంలా రాస్తాడు: అహింస చెప్పిన మీరు సొంత ఇంట్లోవాళ్ళ మీద చేసిన బలవంతం మాటేమిటి అని. దశల సిద్ధాంతకర్త అంటే దశలు పూర్తిచేసినవాళ్ళకి మార్కులు వేసేవాడనుకుంటారు. అలా కాదని చెప్పడానికి నేను క్లాసులో ఈ సంగతే చెప్పేవాణ్ణి.

వైలంట్ దగ్గరికొస్తే మాట మారుతుంది. హార్వర్డ్‌లో 1938లో 268 మంది విద్యార్థులతో మొదలైన అధ్యయనం ఆయన చేతికొచ్చింది. జీవితాంతం వెంబడించి చూసిన పని, వాళ్ళలో తర్వాత అమెరికా అధ్యక్షుడైన కెన్నెడీ కూడా ఒకడు. ఎరిక్‌సన్ దశలకి వైలంట్ మధ్యలో రెండు కలిపాడు: వృత్తిలో కుదురుకోవడం ఒకటి, తనవాళ్ళకి అర్థవంతమైనదాన్ని కాపాడిపెట్టడం ఇంకోటి. కానీ ఆయన అసలు సరుకు రక్షణ యంత్రాంగాలు, అంటే కష్టం వచ్చినప్పుడు మనసు తనకి తెలియకుండానే వేసే ఎత్తులు. అపరిపక్వమైనవి కొన్ని, పరిపక్వమైనవి కొన్ని, వయసుతో పాటు మొదటివి తగ్గి రెండోవి పెరుగుతాయి అన్నాడు.

మీ ఊళ్ళో రొయ్యలకి వైట్‌స్పాట్ తెగులు వచ్చిన రాత్రి గుర్తు తెచ్చుకోండి, మీకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. సీడిచ్చినవాడే మోసం చేశాడని తెల్లారేదాకా తిట్టేవాడు ఒకడు, పక్క చెరువువాడి కాకులే తెచ్చాయనేవాడు ఒకడు. అది ప్రక్షేపణం (ప్రొజెక్షన్), లోపలి భయాన్ని బయటివాడి మీదకి తోసేయడం. సీసా తెరిచేవాడు ఇంకొకడు. నాలుగో ఆయన మాత్రం "బాధ రేపు పడదాం, ముందు పట్టుబడికి వల పిలవండి" అంటాడు. బాధ లేదనుకోవడం కాదండి అది, బాధని తెలిసి వాయిదా వెయ్యడం. వైలంట్ దాన్ని పరిపక్వ రక్షణల్లో లెక్కేశాడు. ఐస్ లారీ వచ్చేలోగా ఒక జోకు వేసి కూలీల మొహాన నవ్వు తెప్పించేవాడున్నాడే, ఆ హాస్యాన్ని కూడా అదే వరసలో పెట్టాడు. పరిపక్వత వయసుకి రాదు, కొందరికి ముప్ఫైకే ఉంటుంది. ఆ రాత్రి మీ నాన్నగారు ఏం చేశారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

ఇక్కడ ఒక్క ముక్క పద్ధతి గురించి. ఇరవయ్యేళ్ళవాణ్ణీ అరవయ్యేళ్ళవాణ్ణీ ఇవాళే పరీక్ష పెట్టి పోలిస్తే, ముసలివాడి తెలివి బాగా తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ తేడాలో చాలా భాగం వయసుది కాదు, చదువుల తేడా, కాలం తేడా. 1956లో షాయ్ అనే ఆయన అమెరికాలోని సియాటిల్‌లో మొదలుపెట్టిన అధ్యయనం అదే మనుషుల్ని ఏడేళ్ళకోసారి మళ్ళీ మళ్ళీ చూసి ఈ సంగతి తేల్చింది. పరీక్షలో రెండు వాక్యాలు చాలు.

బాల్టెస్ అంటే నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్తున్నాను. వికాసం అంటే పెరగడం ఒక్కటే కాదు, ప్రతి వయసులోనూ లాభం నష్టం రెండూ ఉంటాయన్నాడు. నష్టం పెరిగేకొద్దీ తెలివైనవాడు మూడు పనులు చేస్తాడు: ఎంచుకుంటాడు, ఎంచుకున్నదానికి పదును పెడతాడు, పోయినదానికి వేరే దారి వెతుక్కుంటాడు. ఆయన చెప్పే ఉదాహరణ పియానో విద్వాంసుడు ఆర్థర్ రూబిన్‌స్టీన్. ఎనభై దాటాక ఎలా వాయిస్తున్నావంటే, తక్కువ పాటలే ఎంచుకుంటాను, వాటినే ఎక్కువ సాధన చేస్తాను, వేగంగా వాయించాల్సిన చోటికి ముందు కాస్త నెమ్మదిస్తాను, అప్పుడు వేగం ఎక్కువగా వినిపిస్తుంది అన్నాడట.

మా దొడ్లో కొబ్బరి దింపు తీసే (చెట్టెక్కి కాయలు కోసే) ఆయనకి రూబిన్‌స్టీన్ ఎవరో తెలీదు. యాభై ఎనిమిదేళ్ళు. ఒకప్పుడు రోజుకి ఎన్ని చెట్లెక్కేవాడో లెక్కే ఉండేది కాదు. ఇప్పుడు మా వీధిలో నాలుగు దొడ్లే ఒప్పుకున్నాడు, పొడుగు చెట్లు అల్లుడికి వదిలేశాడు. ఎండెక్కకముందే వస్తాడు. మొన్న దగ్గరగా చూశాను. చెట్టు మొదట్లో నుంచుని, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని పైకి చూస్తూ, పెదాలు కదుపుతూ లెక్కేసుకున్నాడు. ఏ గెల ముదిరింది, ఏది వచ్చే దింపుకి ఉంచాలి, ఏ మట్ట ఎండింది, అన్నీ కిందే తేల్చుకున్నాడు. పైకెళ్ళాక ఒక్క అనవసరపు కదలిక లేదు, కత్తి దెబ్బలు లెక్కపెట్టినట్టే పడ్డాయి. అల్లుడు ఎక్కాక పైన వెతుక్కుంటాడు, ఈయన వెతకడం కిందే పూర్తి చేసుకుని ఎక్కుతాడు. బాల్టెస్ మూడు మాటలూ ఆ చెట్టు మొదట్లోనే ఉన్నాయి.

లారా కార్‌స్టెన్‌సన్ అనే సైకాలజిస్టు సిలబస్‌లో ఉందో లేదో మీరు రాయలేదు, లేకపోయినా ఓ పేరా రాయండి. పెద్దవాళ్ళు స్నేహాలు తగ్గించుకోవడం లోపం కాదు, మిగిలిన కాలం తక్కువని తెలిసినప్పుడు మనసు దగ్గరివాళ్ళనే ఎంచుకుంటుంది అంది. ఇది వయసుతో వచ్చేది కాదు, గడువుతో వచ్చేది. 1997లో హాంకాంగ్ చైనా చేతికి వెళ్ళబోయే ముందు అక్కడి కుర్రవాళ్ళు కూడా ముసలివాళ్ళలాగే దగ్గరివాళ్ళని కోరుకున్నారని ఆవిడ బృందం చూపించింది. మనకి హాంకాంగ్ దాకా ఎందుకు? కువైట్ నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చిన మన కోనసీమ ఆడపడుచుని చూడండి. ముప్ఫై రెండేళ్ళే ఉంటాయి. పెళ్ళిళ్ళకి పిలిచినా వెళ్ళదు, కొత్తవాళ్ళతో పరిచయం చేసుకోదు, తల్లి పక్కన పడుకుంటుంది, పిల్ల జడ వేస్తుంది. ఊళ్ళోవాళ్ళు పొగరంటారు. టికెట్ మీద తిరుగు ప్రయాణం తేదీ ఉందండీ, అంతే.

ఇప్పుడు మీ 33 సంగతి. బెర్నీస్ న్యూగార్టెన్ అనే ఆవిడ సమాజానికి ఒక గడియారం ఉంటుందంది. పెళ్ళి, ఉద్యోగం, మనవలు వేళకి వస్తే ఎవరూ పట్టించుకోరు, వేళ తప్పితే ఆ సంఘటన కన్నా వేళ తప్పడమే ఎక్కువ బాధ పెడుతుంది. పెళ్ళి భోజనాల్లో మీ పక్కన కూర్చున్న పిన్నిగారు "ఏం నాయనా, ఇంకా ఎప్పుడు?" అంటారే, ఆవిడే గడియారం ముల్లు. ఆర్నెట్ అనే ఆయన 2000 సంవత్సరంలో 18-25 మధ్య కొత్త దశ ఉందన్నాడు, పెద్దరికం వాయిదా పడ్డ వయసు అని. అది అమీర్‌పేట హాస్టల్లో కోచింగ్ తీసుకునేవాడికి ఉంది, పదోక్లాసు అవ్వగానే దింపుకెళ్ళినవాడికి లేదు. డబ్బున్నవాళ్ళ దశని అందరి దశ అనడం ఈ రంగంలో పాత అలవాటు.

గడియారం కంటే చరిత్ర పెద్దదన్నవాడు గ్లెన్ ఎల్డర్. ఒకే విపత్తు ఏ వయసులో తగిలిందన్నదాన్ని బట్టి జీవితం మలుపు తిరుగుతుందని, అమెరికా ఆర్థిక మాంద్యంలో పెరిగిన పిల్లల మీద 1974లో రాశాడు. నేను దాన్ని 1996 నవంబరు 6 తుపానుతో చెప్పేవాణ్ణి. ఆ రాత్రి కోనసీమలో తోటలకి తోటలే పడిపోయాయి. దేశవాళీ కొబ్బరి మళ్ళీ నాటితే కాపుకి ఆరేడేళ్ళు. అప్పటికి పదిహేనేళ్ళున్న పిల్లాడికి ఆ ఆరేడేళ్ళూ సరిగ్గా కాలేజీ ఏళ్ళు, ఇంట్లో కొబ్బరి డబ్బు లేని ఏళ్ళు. వాళ్ళలో చదువాపి గల్ఫుకో హైదరాబాదుకో పోయినవాళ్ళు నా క్లాసుల్లోంచే ఉన్నారు. అదే ఇంట్లో నాలుగేళ్ళ తమ్ముడికి, హైస్కూలుకొచ్చేసరికి చెట్లు కాపుకొచ్చాయి. ఇద్దరికీ ఒకే తల్లి, ఒకే తుపాను. ఏ దశల పట్టిక చూసినా ఈ తేడా దొరకదు.

మన దేశపు మనోవిశ్లేషకుడు సుధీర్ కకార్ 1978లో బ్రహ్మచర్యం నుంచి సన్యాసం దాకా ఉన్న మన నాలుగు ఆశ్రమాలని ఎరిక్‌సన్ దశల పక్కన పెట్టి చూశాడు. వానప్రస్థం అంటే నడివయసు అని రాసేయకండి. ఆశ్రమాలు ఎలా బతకాలో చెప్పినవి, అదీ కొన్ని వర్ణాల మగవాళ్ళకి. ఎరిక్‌సన్ ఎలా బతుకుతున్నారో చెప్పబోయాడు. రెండూ ఒక గాటన కట్టేవి కావు. షష్టిపూర్తి ఇంకా ఆసక్తికరం: ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లు తిరిగి, పుట్టిన ఏడు మళ్ళీ వస్తుంది, ముసలాయనకి మళ్ళీ తాళి కట్టే పెళ్ళికొడుకు వేషం. ఎక్కడమూ దిగడమూ లేదు, తిరిగి రావడమే. ఈ లెక్కని సిద్ధాంతంగా రాసినవాళ్ళు నాకు కనపడలేదు, మీరు పీహెచ్‌డీకి వెళ్తే ఆలోచించండి.

నాన్నగారు. మీరు రాసింది మళ్ళీ చదివాను. సీడు వదిలేశారు, మేత వదిలేశారు, కూలీలని, బేరాన్ని వదిలేశారు. అంటే అప్పజెప్పలేకపోతున్నారు అన్న మీ మాట తప్పు. దింపు తీసే ఆయన నాలుగు దొడ్లు ఉంచుకున్నట్టు, ఈయన అంత వ్యవసాయంలోనూ ఒక్కటే ఉంచుకున్నారు. ఉంచుకున్నది కూడా ఊరికే కాదు. తెల్లవారుజాముకి చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తగ్గుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు, రెండింటికి చూసినవాడికి ఇంకా చేతిలో టైముంటుంది. బాల్టెస్ చూస్తే ఆయనకి ఫస్ట్ క్లాసు ఇచ్చేవాడు.

ఎరిక్‌సన్ మాత్రం కొంచెం ఆగేవాడు, ఆయన మాట్లాడటం లేదు గనక. ట్రే ఎత్తి పేగు నిండుగా ఉందో లేదో, మేత ఎంత మిగిలిందో చూసి ఆయన మనసులో ఏదో తేల్చుకుంటున్నారు. అది మీకు అందడం లేదు. మీరేమో ముప్ఫైల దాటు చివర ఉన్నారు, గట్టు మీద ఇంకో టార్చి కనపడగానే నా పని తనిఖీ చేస్తున్నాడు అనిపిస్తుంది, అది సహజం. రెండు తరాల జీవితాలు పళ్ళచక్రాల్లా ఒకదాన్నొకటి తిప్పుతాయన్నాడు ఎరిక్‌సన్. ఇక్కడ పళ్ళు ఆనడం లేదు, రెండు చక్రాలూ పక్కపక్కనే వేరే తిరుగుతున్నాయి.

మీరు రావొద్దు, పడుకోండి నాన్నా అని మాత్రం అనకండి. మీరు ప్రేమతోనే అంటారు, ఆయనకి మిగిలిన ఒక్క దొడ్డీ లాక్కున్నట్టవుతుంది. ఈసారి ఆయన వచ్చినప్పుడు మీ టార్చి ఆర్పేసి ఆయన వెలుగులోనే నుంచోండి. ఆయన ట్రే ఎత్తాక "ఏం కనపడింది నాన్నా?" అని అడగండి. మొదటి రెండు రోజులు "ఏం లేదు" అంటారు. మూడో రోజు ఏమన్నారో నాకు రాయండి.